ఇరవై అయిదు రెట్లు

“నిజం చెప్పండి, మీరు ఎంత దూరం నుంచి కాలుస్తారు?”

వేట తుపాకీకి స్కోపు కొనడానికి ఎవరొచ్చినా హెర్ డీట్రిష్, అంటే డీట్రిష్ గారు, మొదట అడిగే ప్రశ్న ఇదే. ఎవరూ నిజం చెప్పరట. మూడు వందల మీటర్లంటారట. మా టౌనుస్ కొండల్లో చెట్టు అడ్డం లేకుండా మూడు వందల మీటర్లు కనిపించే చోటు చర్చి గోపురం ఒక్కటేననీ, అక్కడెక్కి కాల్చడానికి పాస్టరు ఒప్పుకోడనీ ఆయన అనేవారు. అడవిలో కూర్చుంటే నీ జంతువు ఎనభై మీటర్లలో ఉంటుంది, అంతే. ఎనభై మీటర్లకు ఎన్ని రెట్లు పెద్దగా చూపించే అద్దం కావాలి అన్నదే అసలు లెక్క.

ఈ లెక్క నాకెందుకు అంటే, నేను ప్రోగ్రామర్ని. ఎష్‌బోర్న్ అనే జర్మన్ ఊళ్లో ఒక కన్సల్టింగ్ కంపెనీలో పని. మాది జగిత్యాల. మా ఇంట్లో ఎలకల బోనుకు మించిన ఆయుధం నేను చూడలేదు. పేరు సంయుక్త.

2020 డిసెంబర్‌లో రెండో లాక్‌డౌన్ వచ్చి కొట్లన్నీ మూసేశారు. ఎష్‌బోర్న్‌కు అరగంట దూరంలో, కొండ కింద ఊళ్లో ఒక పాత వేట సామాన్ల షాపు ఉంది. అదీ మూతపడింది. ముసలి యజమాని అప్పుడే కొడుక్కి అప్పగించి తప్పుకున్నాడు. ఆ కొడుకు అమ్మకాలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాలని మా కంపెనీకి క్లయింట్‌గా వచ్చాడు. అతనికి ఒక సలహా పేజీ కావాలి. కొనేవాడు అయిదు ప్రశ్నలకు జవాబులిస్తే, నీకు ఇన్ని రెట్ల స్కోపు సరిపోతుందని పేజీ చెప్పాలి. ఆ జవాబులు ఏ పుస్తకంలోనూ లేవు. షాపులో నలభై ఒక్క ఏళ్లుగా పనిచేస్తున్న హెర్ డీట్రిష్ తలలో ఉన్నాయి. ఆయనకు డెబ్భై ఒకటి. కరోనా భయంతో ఇంటికి పంపేశారు. ఆయన తలలోది తీసి పేజీలో పెట్టడం నా పని.

రోజూ పదింటికి ఫోన్. నా జర్మన్ చూసి మొదటి రోజు ఆయన గట్టిగా నిట్టూర్చారు. రెండో రోజు నుంచి చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండేది. నాలుగో రోజుకు ఆయన మాట నాకూ, నా మాట ఆయనకూ అర్థమవుతున్నాయి. ఆ తర్వాత ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని నేనే చూసేదాన్ని. ఆ చలికాలం నాతో రోజూ అరగంట మాట్లాడిన మనిషి ఇంకెవరున్నారు గనక?

జనవరిలో ఒకరోజు, “ఇది ఫోన్‌లో అర్థమయ్యేది కాదు, రండి,” అన్నారు. వెళ్లాను. ఇద్దరికీ మాస్కులు, మధ్యలో మీటరున్నర దూరం. కొండ మీద పచ్చిక బయలు అంచున కారు ఆపి, బానెట్ మీద ఇసుక సంచి వేసి, దాని మీద ఒట్టి స్కోపు పెట్టారు. తుపాకీ ఇంట్లో బీరువాలో ఉందట.

“చూడండి. ఏం కనిపిస్తోంది?”

అవతలి చెట్ల వరస వైపు చూశాను. కన్నంతా గోధుమరంగు. గరుకుగా ఉంది. నా గుండె కొట్టుకున్నప్పుడల్లా అది కూడా ఊగుతోంది.

“చెట్టు బెరడు,” అన్నాను.

“అది ఇరవై అయిదు రెట్లు.” ఆయన చెయ్యి చాచి స్కోపు మీది కడియం తిప్పారు. “ఇది ఆరు రెట్లు. ఇప్పుడు?”

ఇప్పుడు చెట్టు మొత్తం కనిపించింది. దాని పక్కన పొద. పొద వెనక మూడు జింకలు. వాటికి కాస్త వెనకాల, కాలిబాట మీద, ఎర్ర టోపీ పెట్టుకుని కుక్కతో నడుస్తున్న ఒక ముసలావిడ.

నేను కంగారుగా తలెత్తాను.

“ఇందాక కూడా ఆవిడ అక్కడే ఉన్నారు,” అన్నారు హెర్ డీట్రిష్.

ఆవిడ బాట మలుపు దాటేదాకా మామూలు కళ్లతోనే చూశాను. తర్వాత ఆయన చెప్పినవన్నీ బుర్రకు తేలిగ్గా ఎక్కాయి. మసక వెలుతురులో ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగించాలి. యాభై ఆరు మిల్లీమీటర్ల అద్దానికి ఎనిమిది రెట్లయితే ఏడు మిల్లీమీటర్ల వెలుగు కంటికి చేరుతుంది. ఇరవై అయిదైతే రెండు చిల్లర, అంటే చీకటే. మనుషులు అదిలించగా పరిగెత్తుకొచ్చే జంతువులకైతే ఒకటి నుంచి ఆరు చాలు. మంచె మీద కూర్చునేవాడికి ఎనిమిది, మహా అయితే పన్నెండు. మంచె ఎక్కగానే కడియాన్ని అతి తక్కువకు తిప్పి పెట్టుకోవాలి. ముందు బైనాక్యులర్స్‌తో చుట్టూ ఎవరున్నారో, ఏమున్నాయో చూడాలి. తుపాకీ ఎత్తడం ఆ తర్వాతే.

“ఎక్కువ రెట్లు ఉంటే బాగా కనిపిస్తుందనుకుంటారు,” అన్నారు. “షాపులో నా పని నలభై ఏళ్లుగా ఒక్కటే. జనాన్ని కిందికి దించడం.”

పేజీ మీద ఆయన ఫొటో వేస్తామని యజమాని కొడుకు అన్నాడు. హెర్ డీట్రిష్ నన్ను ఒక్క మాట అడిగారు. ఈ అడవుల్లో వేటాడేవాడికి పన్నెండుకు మించి ఆ పేజీ చెప్పకూడదు. వేటగాళ్ల సంఘంలో ఆయన ముప్పై ఏళ్లుగా ప్రతి శనివారం కొత్తవాళ్లకు పాఠం చెబుతున్నారు. ఆ పిల్లలు, అంటే నలభై ఏళ్ల పిల్లలు కూడా, ఆ పేజీ చూస్తారు. తను క్లాసులో ఒకటి చెప్పి, పేజీలో తన బొమ్మ ఇంకొకటి చెబితే ఎలా?

“మీ మాట ఒక్కటి కూడా మారదు,” అన్నాను. “ఆ పేజీ నాది. నేను చూసుకుంటాను.”

మార్చిలో పేజీ తెరుచుకుంది. పెద్ద స్కోపు కొందామని వచ్చి చిన్నది కొనుక్కున్నవాళ్లు కృతజ్ఞతలు రాసేవాళ్లు. హెర్ డీట్రిష్ వాటిని నాకు పంపేవారు, కింద ఏమీ రాయకుండా. ఆయన మురిసిపోతున్నారని నాకు తెలుసు. నేనూ మురిసిపోయాను.

ఇప్పుడు రవన్న గురించి చెప్పాలి. రవికిరణ్ మా టీమ్ లీడ్. నిజామాబాద్ ఆయన, వచ్చి ఎనిమిదేళ్లయింది. 2020 జనవరిలో నేను దిగినప్పుడు ఎయిర్‌పోర్ట్‌కొచ్చింది ఆయనే. అన్మెల్డుంగ్‌కు, అంటే ఊళ్లో చిరునామా నమోదుకు, అపాయింట్‌మెంట్ ఇప్పించింది, ఇల్లు వెతికిపెట్టింది ఆయనే. నాకు కరోనా వచ్చి పద్నాలుగు రోజులు గదిలో పడి ఉంటే రోజు విడిచి రోజు తలుపు ముందు అన్నం డబ్బా పెట్టి, కింద రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపేవాడు. అట్లాంటి మనిషిని ఎవరు నమ్మరు? నేను నెత్తిన పెట్టుకున్నాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు చదివి, సరే అని నొక్కితే తప్ప అది వెబ్‌సైట్‌లోకి వెళ్లదు. జర్మన్ కొలీగ్ మార్టిన్‌కు పంపామా, కామా దగ్గర నుంచి పద్నాలుగు కామెంట్లు పెట్టి రెండు రోజులు తిప్పుతాడు. అందుకని టీమ్‌లో ఉన్న మన తెలుగువాళ్లం ముగ్గురం ఒకరివి ఒకరికి పంపుకునేవాళ్లం. “అప్రూవ్ కొట్టు” అని మెసేజ్ వస్తే కొట్టేయడమే. మనవాడి కోడ్ కూర్చుని చదివితే మనవాణ్ని అనుమానించినట్టు. చదివానని చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం నేను కరోనా టెస్ట్ సెంటర్ ముందు క్యూలో ఉన్నాను. రవన్న మెసేజ్. “సంయుక్తా, వేట పేజీల చిన్న చిన్న టెక్స్ట్ మార్పులున్నయ్. జర అప్రూవ్ కొట్టు.” ఫోన్‌లోనే కొట్టాను. ముక్కులో పుల్ల పెట్టించుకోవడానికి పట్టిన టైమ్ కూడా పట్టలేదు.

జూలైలో హెర్ డీట్రిష్ ఫోన్ చేశారు. పది గంటలకు కాదు, ఏడున్నరకే. నమస్కారం లేదు, ఏమీ లేదు.

“ఫ్రావు సంయుక్త, మీరు నా నోట ఇరవై అయిదు రెట్లు అనిపించారు.”

“ఏమిటి?”

“పేజీ తెరిచి చూడండి.” పెట్టేశారు.

తెరిచాను. అవే అయిదు ప్రశ్నలు. ఎంత దూరం? యాభై మీటర్లని నొక్కాను. ఎక్కడ? దట్టమైన అడవి. ఎప్పుడు? మసక వెలుతురులో. చివర్లో జవాబు వచ్చింది. అయిదు నుంచి ఇరవై అయిదు రెట్ల స్కోపు, షాపులో అన్నిటికన్నా ఖరీదైనది. దూరం మార్చాను. అడవిని పొలం చేశాను. ఏం నొక్కినా అదే స్కోపు. కింద హెర్ డీట్రిష్ బొమ్మ నవ్వుతోంది. బొమ్మ పక్కన రాసి ఉంది: “నలభై ఒక్క ఏళ్ల అనుభవంతో నేను మీకు ఇదే ఎంచి ఇస్తున్నాను.”

మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు, నాలుగోసారి ఎత్తారు. జరిగింది ఆయన నోటి నుంచే విన్నాను. శనివారం క్లాసులో పాసై కొత్తగా లైసెన్సు తీసుకున్న ఒక పళ్ల డాక్టరు, పేజీలో గురువుగారి బొమ్మ చూసి ఆ స్కోపు కొన్నాడు. జూన్‌లో పొద్దు వాలే వేళ మంచె మీద కూర్చున్నాడు. అరవై మీటర్లలో అడవి పంది. కడియం పద్దెనిమిది మీద ఉంది. అద్దంలో పంది భుజం తప్ప ఏమీ కనిపించలేదు. కాల్చాడు. దిగి వెళ్తే గడ్డిలో ఆరు పిల్లలు, చచ్చిన తల్లి పొట్ట దగ్గర ముట్టెలతో పొడుస్తూ ఉన్నాయి. ఇక్కడ పిల్లలున్న తల్లిని కాల్చడం నేరం. అంతకన్నా ఎక్కువ, తోటి వేటగాళ్ల ముందు తలెత్తుకోలేని పని. పిల్లల్ని ఏం చేశారని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

“ముందు బైనాక్యులర్స్‌తో చూడకపోవడం అతని తప్పే,” అన్నారు. “అది నేను సంఘంలో అందరి ముందూ చెప్పాను. అతను లేచి, స్కోపు మీరు ఎంచిందే కదా అన్నాడు. ఫోన్‌లో పేజీ తీసి చూపించాడు. ఫోన్ చేతులు మారుతూ హాలంతా తిరిగింది. ఇక శనివారాలు నన్ను రావద్దన్నారు.”

“హెర్ డీట్రిష్, అది నేను చెయ్యలేదు.”

“ఆ పేజీ నాది, నేను చూసుకుంటాను అన్నది మీరే,” అని పెట్టేశారు.

ఎవరు మార్చారో పాత రికార్డులు వెతికాను. దొరకడానికి నిమిషం పట్టలేదు. ఏప్రిల్ నెల. పేరు: చిన్న టెక్స్ట్ మార్పులు. రాసింది రవికిరణ్. టెక్స్ట్ రెండు లైన్లే మారింది. దాని కింద నేను మూడు వారాలు కూర్చుని రాసిన లెక్క మొత్తం తీసేసి ఒక్క లైను పెట్టారు. ఏ జవాబిచ్చినా ఆ స్కోపే చూపించమని. చదివి సరేనన్నది ఎవరు అన్నచోట నా పేరుంది, నా ఫొటోతో సహా.

ఆ రోజు ఆఫీసుకు వెళ్లాను. అంతస్తు అంతా ఖాళీ. కిటికీ దగ్గర రవన్న ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి మాస్కు వెనకాల నవ్వాడు.

“ఏంది సంయుక్తా, గంత సీరియస్‌గున్నవ్?”

లాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను. “అన్నా, ఇది టెక్స్ట్ మార్పా?”

చూశాడు. తడబడతాడనుకున్నాను. తడబడలేదు.

“క్లయింట్ అడిగిండు, చేసిన. ఆ ముసలాయిన లెక్కతోని అందరు చిన్నయే కొంటున్నరని వాడు నెత్తి నోరు కొట్టుకుంటుండె. ఇండ్ల ఏముంది?”

“మరి నాకెందుకు చెప్పలే?”

“చెప్తే నువ్వు ఒప్పుకుంటవా? ఆ ముసలాయినకు మాటిచ్చిన అని కూసుంటవు.”

“అయితే మార్టిన్‌కు పంపకపోయినవా, చదివి కొట్టెటోడు.”

“వాడు చదువుతడు గదా,” అన్నాడు రవన్న. “అందుకే నీకు పంపిన.”

అన్నం డబ్బా పెట్టిన చేతులు అవే. నమ్మించి గొంతు కోయడం అంటే ఇన్నాళ్లూ అది పెద్ద పెద్ద మోసగాళ్లు చేసే పని అనుకున్నాను. నేను చదవనని ఆయనకు తెలుసు. నా ప్రేమ ఎక్కడ గుడ్డిదో కొలిచి, సరిగ్గా అక్కడ చెయ్యి పెట్టాడు. ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవకూడదని పళ్లు బిగపట్టాను.

“సంఘమోళ్లు షాపుకు లెటర్ రాసిండ్రు,” అన్నాడు ఆయన, గొంతు కాస్త తగ్గించి. “నిన్న క్లయింట్‌తోని కాల్ అయింది. రివ్యూ సంయుక్త చేసిందని చెప్పిన. ఉన్నదే చెప్పిన గదా. నువ్వు జర సైలెంట్‌గుండు. నీ బ్లూ కార్డు వీసాకు రెండేండ్లు నిండనియ్యి, అప్పటిదాంక ఉద్యోగం పోతే కష్టం. ఆరు నెలలే గదా. నేనున్న, నిన్ను కాపాడ్త.”

“నువ్వే ముంచి నువ్వే కాపాడ్తవా అన్నా?” అన్నాను. ఆ అన్నా అన్న మాట అలవాటుగా వచ్చేసింది. దానికి నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రమే పాత లెక్కను తిరిగి పెట్టాను. మార్టిన్‌కు పంపాను. అతను నిజంగానే కూర్చుని చదివి, తొమ్మిది కామెంట్లు పెట్టి, సరేనన్నాడు. మర్నాడు పొద్దున్నకి క్లయింట్ ఫోన్ చేసి దాన్ని తీయించేశాడు. పేజీలో మళ్లీ ఇరవై అయిదే. నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తప్పించారు.

శనివారం హెర్ డీట్రిష్ ఇంటికి వెళ్లాను. ఫోన్ ఎత్తడం లేదు, అందుకని చెప్పకుండానే వెళ్లాను. ఈ దేశంలో అది మర్యాద కాదని తెలుసు. ఆ వేళకు ఆయన క్లాసులో ఉండాలి. తోటలో బల్ల ముందు కూర్చుని ఉన్నారు, ఇస్త్రీ చేసిన ఆకుపచ్చ చొక్కా వేసుకుని. అది క్లాసుకు వేసుకునే చొక్కా అని నాకు చెప్పక్కర్లేకపోయింది. గేటు దగ్గర నన్ను చూసి లేవలేదు, పొమ్మని కూడా అనలేదు.

బల్లకు ఇటువైపు నిలబడి అంతా చెప్పాను. మార్చింది ఎవరో, సరేనన్నది ఎవరో. నా పేరు దాచలేదు.

“మీరు చదవకుండా సరేనన్నారు,” అన్నారు ఆయన.

“అవును.”

“ఎందుకు?”

“ఆయన మా మనిషి. మా మనిషి పంపింది చదివితే నమ్మనట్టు అవుతుంది.”

హెర్ డీట్రిష్ బల్ల మీద రాలిన ఆకు ఒకటి తీసి పక్కన పెట్టారు. నేనే మాట్లాడాను. షాపు మీద లాయరుతో ఉత్తరం రాయించమన్నాను. ఆయన ముఖం, ఆయన పేరు పెట్టి ఆయన అనని మాట అనిపించడానికి వాళ్లకు హక్కేమిటి? నేను సాక్ష్యం చెబుతాను. ఉద్యోగం పోతే పోనీ. చెబుతూ చెబుతూ గొంతు పెంచాను. రవన్నను ఇక్కడి నుంచే తిట్టాను.

ఆయన లేచి లోపలికి వెళ్లారు. ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టి నా వైపు తోశారు.

“లాయరుకు చూపించాను. మీరూ చూడండి.”

ఎనిమిది పేజీల ఒప్పందం. పై పేజీ చూడగానే గుర్తుపట్టాను. ఫిబ్రవరిలో రవన్న నాకు ఇచ్చి, ముసలాయనతో సంతకం పెట్టించుకు రమ్మన్నాడు. ఇదే గేటు దగ్గర, మంచులో, పెన్ను శానిటైజర్‌తో తుడిచి ఆయనకు అందించాను. ఫొటో కోసం మామూలు కాగితం అన్నాను. రవన్న నాతో అలాగే అన్నాడు మరి.

“చదవండి,” అన్నారు హెర్ డీట్రిష్. “అయిదో పేజీ. గట్టిగా.”

చదివాను. నా జర్మన్‌లో, తడుముకుంటూ. సదరు వ్యక్తి పేరును, బొమ్మను, అతని పేరిట ఇచ్చే సలహాలను సంస్థ తన అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చును. సదరు వ్యక్తికి అభ్యంతరం చెప్పే హక్కు ఉండదు. గడువు పదేళ్లు.

“పదేళ్లు,” అన్నారు ఆయన. “అప్పటికి నాకు ఎనభై ఒకటి. ఉంటే.”

“మీరు ఇది చదవలేదా?” అన్నాను. అడిగాక నాలుక కొరుక్కున్నాను.

ఆయన నా వైపు చూశారు. కోపంగా కాదు. కోపంగా చూసి ఉంటే బతికిపోయేదాన్ని.

“నలభై ఒక్క ఏళ్లు నేను ఒక్క తూటాల పెట్టె రసీదు మీద కూడా చదవకుండా సంతకం పెట్టలేదు,” అన్నారు. “దీన్ని తెచ్చింది మీరు. మీ ముందు నిలబడి ఎనిమిది పేజీలు చదవడం నాకు మర్యాదగా అనిపించలేదు.”

వారం రోజులుగా నన్ను మోసం చేశారు, నన్ను మోసం చేశారు అనుకుంటూ తిరిగాను. నాకు రవన్న ఎట్లాగో, ఆయనకు నేను అట్లాగే. తలుపు ముందు అన్నం డబ్బా పెట్టడానికి బదులు నేను రోజూ పదింటికి ఫోన్ ఎత్తాను, అంతే తేడా. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను.

ఆయన కుర్చీ ఒకటి లాగి నాకు దూరంగా, మీటరున్నరకు సరిగ్గా పెట్టారు.

“కూర్చోండి,” అన్నారు. “మొదటి పేజీ నుంచి చదవండి. ఈసారి ఇద్దరం విందాం.”

కూర్చుని మొదటి పేజీ తిప్పాను. అక్షరాలు కనిపించడానికి రెండుసార్లు కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.